పొయ్యికొక కుటుంబం

కుటుంబం అంటే ఏమిటో నాకు ట్రైనింగులో చెప్పారు. పెళ్లయి పద్దెనిమిదేళ్లుగా మల్కాజ్‌గిరిలో అత్తగారితో ఒకే వంటింట్లో వేగుతున్నదాన్ని. అలాంటి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గోడ మీద బొమ్మలు వేసి మరీ చెప్పారు. ఒక పొయ్యి మీద వండుకుని తినేవాళ్లంతా ఒక కుటుంబం. పొయ్యి వేరైతే కుటుంబం వేరు. రక్తసంబంధం, పెళ్లి, ప్రేమ, తగాదా ఇవేవీ అడగక్కర్లేదు. పొయ్యి చూడండి, ట్యాబ్‌లో నొక్కండి, తర్వాతి ఇంటికి వెళ్లండి అన్నారు. మధ్యలో టీ, రెండు బిస్కెట్లు ఇచ్చారు.

నా పేరు దేవిక. పద్మారావు నగర్ అవతల ఒక సర్కారు ప్రైమరీ స్కూల్లో టీచర్ని. ఓట్లు లెక్కపెట్టాలన్నా, దగ్గేవాళ్లను లెక్కపెట్టాలన్నా సర్కారుకు ముందు గుర్తొచ్చేది మేమే. మా నాన్న విజయనగరం నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ చదివిందీ ఇక్కడే. అయినా ప్రతి సర్వేలోనూ, నేను ఒక ప్రశ్న అడిగేలోపే 'మీది ఏ ఊరు మేడం' అని నన్నే అడుగుతారు. జవాబు చెప్పి పని మొదలుపెడతాను.

ఈసారి నాకు పడింది మేకల గల్లీ. మా బడి పిల్లల్లో సగం మంది ఆ గల్లీ వాళ్లే. మొత్తం ముప్పై ఎనిమిది ఇంటి నంబర్లు. ఒక్కో నంబరుకు బై ఎ, బై బి, బై బి బై టూ అని తోకలు. గోడ కట్టడానికి చోటు లేక పాత ఎన్నికల ఫ్లెక్సీలు అడ్డం కట్టుకున్నారు. ఒక ఇంట్లో కొడుకూకోడళ్ల మంచానికీ తల్లి మంచానికీ నడుమ ఎవరో నాయకుడు చేతులు జోడించి నవ్వుతూ నిలబడి ఉన్నాడు. నల్లా రోజు విడిచి రోజు, గంటసేపు. మరుగుదొడ్డి నాలుగిళ్లకు ఒకటి. ఆటోలు నడిపేవాళ్లు, అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోమేవాళ్లు, మాల్‌లో బిల్లులు కొట్టేవాళ్లు, మోండా మార్కెట్‌లో మూటలు మోసేవాళ్లు. మేడ మీది రేకుల గదిలో బీహార్ నుంచి వచ్చిన సెంట్రింగ్ పనివాళ్లు తొమ్మిది మంది ఉన్నారు. ఒకరికొకరు ఏమీ కారు, కానీ పొయ్యి ఒకటే. రూలు ప్రకారం ఆ తొమ్మిది మందినీ ఒక కుటుంబంగా రాశాను.

ఈ సర్వే ఎందుకో గల్లీ అంతటికీ తెలుసు. పాత ఇళ్లన్నీ కూలగొట్టి ఐదంతస్తుల బ్లాకులు కడతారట. లిస్టులో ఉన్న ప్రతి కుటుంబానికీ ఒక ఫ్లాటు. పొయ్యికొక కుటుంబం అన్న మాట మా ట్రైనింగు హాల్లోంచి ఎలా బయటికి వచ్చిందో గానీ, మాకంటే ముందే గల్లీకి చేరింది. నేను వెళ్లేసరికి పదకొండు ఇళ్లలో కొత్త స్టవ్‌లు ఉన్నాయి. ఒక స్టవ్ ఫ్రిజ్ మీద, ఇంకోటి కుట్టుమిషను మీద. కంపెనీ స్టిక్కరు కూడా ఊడదీయలేదు. గొట్టం ఉంది, ఆ గొట్టానికి సిలిండరు లేదు. "ఇదేమిటమ్మా" అని అడిగితే, "కొడుకు వేరు పడ్డడు మేడం, మొన్ననే" అని తల్లి చెప్పేది. ఆ కొడుకు ఆమె పక్కనే కూర్చుని ఆమె కలిపిన అన్నం తింటూ తల ఊపేవాడు.

నాకు కోపం రాలేదు. పదడుగుల గదిలో ఆరుగురు పడుకునేవాళ్లకు రెండు ఫ్లాట్లొస్తే నా సొమ్మేం పోయింది. ఉన్నవి ఉన్నట్టు, లేనివి ఉన్నట్టు రాసుకుంటూ పోయాను.

రెండో రోజు పదకొండు గంటలకు ఎల్లమ్మ ఇంటికి చేరాను. ఎల్లమ్మను నేనెరుగుదును. మోండా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్ముతుంది. తెల్లారకముందే ఇంటికి బియ్యం కొలిచి నానేసి, గంప ఎత్తుకుని వెళ్తే మధ్యాహ్నం రెండు దాటాక గాని రాదు. తమ్ముడి పిల్లలిద్దరూ మా బళ్లోనే చదువుతారు, సాయంత్రం వాళ్లను ఇంటికి తీసుకుపోయేది ఆమే. పదహారేళ్లకు పెళ్లి చేస్తే ఏడాదికి తిరిగొచ్చేసింది. ఆ భర్త ఇంకొకామెతో సిద్దిపేటలో ఉన్నాడట. ఆమె తిరిగొచ్చిన ఏడాదే తల్లి పోయింది, ఆ మరుసటేడు తండ్రి. అప్పటికి పెద్ద తమ్ముడు హరికిషన్‌కు ఏడేళ్లు, చిన్నవాడు తిరుమల్ ఇంకా చంకలో పిల్లవాడు. ఆ ఇద్దరినీ ఆకుకూర కట్టలు కట్టి పెంచింది, పెళ్లిళ్లు చేసింది. ఇప్పుడు ముందు గది పెద్దవాడిది, వెనక గది చిన్నవాడిది. ఆమె ఆ రెంటి మధ్య నడవలో చాప వేసుకుంటుంది.

ముందు గదిలో హరికిషన్, అతని భార్య ఊర్మిళ ఉన్నారు. ఆటో తీయకుండా నాకోసమే ఆగానన్నాడు. నలుగురు అని చెప్పాడు, తామిద్దరూ పిల్లలిద్దరూ.

"మరి ఎల్లమ్మ?"

"అక్క తిరుమల్ కాడ మేడం. వాళ్లదాంట్ల రాసుకోన్రి."

పొయ్యి పక్కన గిన్నెలో బియ్యం నానుతున్నాయి. పక్కనే పాత పాలపొడి డబ్బా, కొలతకు వాడేది. ఆ బియ్యం నలుగురికి కావని చూస్తూనే తెలుస్తోంది. నేనూ వండేదాన్నే కదా. అయినా నలుగురని రాసి సబ్మిట్ నొక్కాను.

వెనక గదిలో తిరుమల్, అతని భార్య అనుపమ. బల్ల మీద కొత్త స్టవ్ మెరుస్తోంది. ఇద్దరమే అన్నారు.

"ఎల్లమ్మ మీ దగ్గరే అన్నారే ముందింట్లో?"

అనుపమ మొగుడి మొహం చూసింది. "కాదు మేడం. వదినె బావ వాళ్లతోనే తింటది. మొదటిసంది గంతే."

అక్కడ ఆగాల్సింది నేను. ముందు గదికీ వెనక గదికీ పన్నెండు అడుగులు. వెనక్కి వెళ్లి ఇద్దరినీ ఎదురుబొదురుగా నిలబెట్టి అడగాల్సింది. కానీ ఒకసారి సబ్మిట్ అయిన ఫారం తెరుచుకోదు. తెరవాలంటే ఆఫీసుకు లెటరు పెట్టాలి. ట్యాబ్‌లో చార్జింగు పదకొండు శాతం ఉంది. ఇంకా పంతొమ్మిది ఇళ్లున్నాయి. సూపర్‌వైజర్ ధర్మరాజు గారు అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. మధ్యాహ్నం ఎల్లమ్మ వచ్చాక చూద్దాంలే అనుకున్నాను. మధ్యాహ్నం గల్లీ చివరన ఉన్నాను, సాయంత్రం బస్సులో ఉన్నాను. మర్నాడు ఇంకో గల్లీ ఇచ్చారు.

అన్నదమ్ములిద్దరూ అలా ఎందుకు చెప్పారో తర్వాత తెలిసింది. ఒక కుటుంబంలో ఇద్దరికి మించి సంపాదించేవాళ్లుంటే ఫ్లాటు రాదని గల్లీలో ఎవరో పుట్టించారు. హరికిషన్‌ది ఆటో, ఊర్మిళ అపార్ట్‌మెంట్లో ఆయా. తిరుమల్ పార్సిళ్లు ఇస్తాడు, అనుపమ మాల్‌లో కౌంటరు మీద. ఎల్లమ్మ ఎవరి లెక్కలోకి వచ్చినా మూడో మనిషే. అలాంటి రూలు ఏదీ లేదు. ఉందో లేదో ఎవరూ నన్ను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

మూడు నెలలకు కమ్యూనిటీ హాలు గోడ మీద లిస్టు అంటించారు. ముప్పై ఎనిమిది ఇళ్లు, నూటనాలుగు కుటుంబాలు. గల్లీలో రెండు రోజులు టపాసులు కాల్చారట. మూడో రోజు ఇంటర్వెల్‌లో ఎల్లమ్మ బడికి వచ్చింది. గంప గేటు దగ్గర దించి, వరండా మెట్టు మీద కూర్చుంది.

"టీచరమ్మా, నన్ను ఏడ రాసినవ్?" అంది.

నేను ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"పిల్లతోని మూడుసార్లు సదివించిన. హరికిషన్ ఉన్నడు, తిరుమల్ ఉన్నడు, మరదండ్లున్నరు, పోరగాండ్లున్నరు. నేను లేను. గోడకు కొస దాకా సూపిచ్చిన పిల్లకు. మళ్ల సదువు బిడ్డా అన్న. లేవత్తా అన్నది."

"వాళ్లు నువ్వు వీళ్ల దగ్గరన్నారు, వీళ్లు వాళ్ల దగ్గరన్నారు" అన్నాను. చెబుతుంటే నా మాట నాకే రోతగా వినిపించింది.

ఆమె ఆశ్చర్యపోలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది. "గా స్టవ్ కొన్నది నేనే. మోండల నాలుగు దుకాన్లు తిరిగి తెచ్చిన. వేరు పొయ్యి అని చెప్పున్రి, ఇద్దర్కి రెండు ఇండ్లొస్తయని నేర్పిన. నా సంగతి చెప్పాల్నని యాదికి రాలే. మనిషిని కండ్ల ముంగట పెట్టుకొని లేదంటరని నాకేం ఎరుక."

"తమ్ముళ్లను అడిగావా?"

"అడిగిన. ఫ్లాట్ ఎవరి పేరు మీద ఉంటేంది అక్కా, నువ్వు మా కాడనే గదా ఉండేదన్నడు పెద్దోడు. చిన్నోడు సుత గట్లనే అన్నడు." గేటు దగ్గరి గంప వైపు చూసింది. "ఇప్పుడు ఇల్లు ఒకటి. వాకిలొకటి. ఆడ ఒకడు రెండో అంతస్తుల, ఒకడు నాలుగుల. ఏ తలుపు కొట్టినా నేను చుట్టమే టీచరమ్మా. ఎవరి ఇంట్ల ఎవరికి కోపమొచ్చినా ముందుగాల నా చాపనే బయట పడ్తది. నాకు నా పేరు మీద ఒక తలుపు గావాలె. గంతే."

ఆ సాయంత్రమే ఆఫీసుకు వెళ్లాను. దారులు రెండే అన్నారు. తమ్ముళ్లలో ఒకరు ఈమె మా కుటుంబమే, మేము తప్పు చెప్పాము అని సంతకం పెట్టాలి. అప్పుడు ఆ కుటుంబం మీద మళ్లీ ఎంక్వైరీ జరుగుతుంది. లేదా ఆమే ఒంటరి మహిళగా విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. విడిగా పొయ్యి ఉన్నట్టు అధికారి వచ్చి కళ్లారా చూడాలి.

సంతకం మాట ఎత్తగానే హరికిషన్ మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఎంక్వైరీ అంటే ఇద్దర్ది పోతది మేడం. స్టవ్ సంగతి బయట పడ్తది. నా ఒక్కనిది గాదు, గల్లీల పదకొండు మందిది." అతను దుర్మార్గుడు కాదు. అక్క కాళ్లు నొప్పులంటే ఆటోలో మార్కెట్‌కు దింపి వస్తాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె వైపు చూడలేక నేల చూస్తున్నాడు. తిరుమల్ అసలు బయటికే రాలేదు. కానీ ఇద్దరిలో ఎవరూ కలం పట్టలేదు, అది మాత్రం నేను మరిచిపోను.

రెండో దారే మిగిలింది. దరఖాస్తు నేనే రాశాను, ఆమె వేలిముద్ర వేసింది. ఇంటి పక్క గోడకు ఆనించి రేకు దించిన చోటు ఒకటుంది. గంపలు, గోనెసంచులు పెట్టుకునేది. గంపలు తీసి అక్కడ చాప వేసుకుంది. మూడు ఇటుకలు పెట్టి పొయ్యి చేసింది. మార్కెట్‌లో విరిగిపోయిన టమాటా పెట్టెల చెక్కలు ఏరుకొచ్చి పక్కన పేర్చింది. తన పళ్లెం, తన చెంబు, ఆ పాలపొడి డబ్బా తెచ్చుకుంది. యాభై నాలుగేళ్ల మనిషి, నేను చెప్పిన మాట మీద, ఒక కుటుంబం కావడానికి తంటాలు పడుతోంది.

రెండో శనివారం మధ్యాహ్నం ధర్మరాజు గారు వచ్చారు. సర్వే చేసినదాన్ని కాబట్టి నేనూ ఉండాలి. ఆయన మంచివాడే, మోకాళ్ల నొప్పులతో ఆ నెలలో అది ఆయనకు తొంభయ్యో ఇల్లు. ఆ రోజు ఎల్లమ్మ మార్కెట్ మానేసింది. స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, పొయ్యి రాజేసి కూర్చుంది. పొగకు కళ్లు ఎర్రబడ్డాయి. అన్నం అప్పుడే ఉడికి దిగింది. ముందు గది కర్టెన్ వెనక ఊర్మిళ కాళ్లు కనిపిస్తున్నాయి. వెనక గది తలుపు ఓరగా ఉంది.

ధర్మరాజు గారు రేకు చూశారు, చాప చూశారు, ఇటుకలు చూశారు. కాగితం మీద గీతలు పెట్టుకున్నారు. అంతా బాగానే నడుస్తోంది. నేను ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడాయన వంగి, అన్నం గంజు మీది మూత తీశారు.

గంజు నిండా అన్నం ఉంది.

"ఏందమ్మా, ఇంతన్నం? ఎంతమందికి?"

"ఏడ్గురికి సార్" అంది ఎల్లమ్మ.

ఆలోచించి అన్న మాట కాదు. ఏళ్ల తరబడి ఎవరడిగినా చెప్పే మాట. వంట మొదలుపెట్టినప్పుడు చెయ్యి దానంతటది డబ్బాతో కొలిచి పోసేసింది. అడిగినప్పుడు నోరు దానంతటది చెప్పేసింది. చెప్పాక తెలిసింది ఆమెకు. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఏ ఏడుగురమ్మా?"

ఆమె ముందు గది కర్టెన్ చూసింది. వెనక గది తలుపు చూసింది. ఒక్క మాట చాలు. 'అందరం ఒకటే పొయ్యి సార్, స్టవ్ ఉత్తదే' అంటే, ఏడుగురూ ఒక కుటుంబమవుతారు. ఒకటే ఫ్లాటు వస్తుంది, అందులో ఆమె పేరుంటుంది. ఒక తమ్ముడి ఫ్లాటు పోతుంది. ఆ మాట నాలుక చివర ఉన్నట్టు నాకు కనిపించింది. కర్టెన్ వెనక కాళ్లు కదలలేదు.

"చెయ్యి జారి ఎక్కువ పడ్డది సార్" అంది. "ఒక్కదాన్నే నేను."

ధర్మరాజు గారు నవ్వలేదు. నా వైపు తిరిగారు. "టీచర్, ఈ ఇల్లు సర్వే చేసింది మీరే. ఈమె వీళ్లతో కలిసి తింటుందా, వేరా? మీరు చెప్పండి."

చెప్పొచ్చు. నిజం చెబితే నేను రాసిన పదకొండు స్టవ్‌లు అబద్ధమని నా నోటితోనే చెప్పినట్టు. మెమో వస్తుంది, ఇంక్రిమెంటు ఆగుతుంది. వేరే తింటుందని అబద్ధం చెబితే ఎదురుగా ఆ గంజు ఉంది. నేను రోజూ పిల్లలకు, తెలిస్తే చెయ్యెత్తి చెప్పండి అని నేర్పేదాన్ని.

"నాకు సరిగ్గా తెలియదు సార్" అన్నాను.

ఆయన నిట్టూర్చి రాశారు. విడిగా వంట లేదు. కుటుంబంతో కలిసి భోజనం చేయుచున్నది.

"ఏ కుటుంబంతో సార్?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఆ కాలమ్ ఇందులో లేదు టీచర్" అన్నారు ఆయన. మూత మళ్లీ గంజు మీద జాగ్రత్తగా పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచి, పక్క నంబరుకు వెళ్లారు.

ఆయన అటు వెళ్లగానే హరికిషన్ పిల్లలిద్దరూ పళ్లేలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఆకలేసే వేళ, రోజూ వచ్చినట్టే వచ్చారు. అత్త పక్కన కూర్చోబోతుండగా లోపలి నుంచి ఊర్మిళ గొంతు వినిపించింది, మెల్లగా.

"లోపటికి రాండ్రి. సార్ ఇంకా గల్లీలనే ఉన్నడు."

పిల్లలు అత్తను చూశారు. అత్త పొయ్యిని చూస్తోంది. పిల్లలు పళ్లేలతో లేచి లోపలికి వెళ్లిపోయారు. తలుపు మూసుకుంది. లోపల కుక్కరు విజిల్ వేసింది, ఆ ఇంట్లో వేరేగా అన్నం ఉడుకుతోంది.

నా సంచిలో టిఫిన్ బాక్స్ ఉంది. సంచి భుజాన వేసుకున్నాను.

"కూసో టీచరమ్మా, తిని పో" అంది ఎల్లమ్మ. "ఎవరికి పెట్టాలె ఇదంతా."

కూర్చున్నాను. తన పళ్లెంలోనే నాకు పెట్టింది, తాను మూతలో పెట్టుకుంది. గోంగూర పచ్చడి, అన్నం. నేను తిన్నాను. ఆమె కలుపుతూ కూర్చుంది గాని నోట్లో పెట్టుకోలేదు. పక్కనున్న పాలపొడి డబ్బా తీసి ఒళ్లో పెట్టుకుంది. అంచులు తుప్పు పట్టి, పట్టుకున్న చోట నునుపుదేలి ఉంది.

"పోరగాండ్లు పుట్టినకాంచి గిదే లెక్క. మూడున్నర పోస్త. చూడకుండనే పోస్త" అంది. "ఒక్కదానికి ఎంత పొయ్యాల్నో నాకు తెల్వది. జెర చెప్పు టీచరమ్మా."

మూడున్నరను ఏడుతో భాగించాలి. ఆమె మేనకోడలికి ఆ లెక్క నేర్పింది నేనే, పోయిన నెలలోనే, బోర్డు మీద.

"సగం డబ్బా" అన్నాను.

ఆమె డబ్బాను వెలుతురుకు ఎత్తి లోపలికి చూసింది. తర్వాత పొయ్యిలోంచి ఆరిన బొగ్గు ముక్క తీసుకుని, డబ్బా మీద సగం దగ్గర గీత గీసింది.